పదును తెలిసిన ఉలి

తెలుగులో పదును అన్న మాట నేలకూ, తోలుకూ, ఇనుముకూ ఒక్కటే. వాన కురిశాక అరక దిగడానికి అనువైన తేమ నేలకు పదును. పచ్చితోలును కుళ్లకుండా, మన్నికగా మార్చే పని తోలును పదును చేయడం. కత్తి అంచు చురుకుదనమూ పదునే. వంశపారంపర్యంగా చేతికి వచ్చిన తోలు చెక్కే ఉలిని ఎలా వాడాలి, ఎలా కాపాడాలి అన్న ప్రశ్న దగ్గర వీటిలో రెండర్థాలు కలుస్తాయి, ఎందుకంటే తోలు ఏ స్థితిలో ఉందో తెలియనిదే ఉలి అంచు ఎలా ఉండాలో నిర్ణయించడం సాధ్యం కాదు.

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లో నడిచేవారికి తోలు పనిముట్లు కనిపించేది ముఖ్యంగా చెప్పులు కుట్టేవారి దగ్గర. కుట్టుకు ముందు తోలుకు రంధ్రం చేసే మొనదేలిన ఆరె, తోలు కోసే రంపె అక్కడ నిత్యం పనిలో ఉంటాయి. తోలును చెక్కే ఉలి మాత్రం అక్కడ అరుదు. దానికోసం శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వైపు చూడాలి. హైదరాబాదు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతకు ఆ ఊరి తోలుబొమ్మలు 2008లో భౌగోళిక గుర్తింపు పొందిన కళగానో, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో వచ్చిన పద్మశ్రీగానో పరిచయం కావచ్చు గానీ, ఆ గుర్తింపుకు ఆధారమైన చేతిపని అంతకంటే ఎంతో లోతైనది.

తోలుబొమ్మకు వాడేది పదును చేసిన తోలు కాదు. తంగేడు చెట్టు బెరడు వంటివాటిలోని వగరు పదార్థంతో పదును చేసిన తోలు మెత్తగా, వెలుతురు చొరనిదిగా తయారవుతుంది. దానిని తడిపి, పైపైన గీసి, ముద్రలతో అణచి పువ్వులూ లతలూ ఉబ్బెత్తుగా తేల్చడం ఒక పద్ధతి. బొమ్మలాటలో మాత్రం బొమ్మ తెర వెనుక దీపానికి ముందు నిలబడాలి కనుక, మేకతోలును వేడినీటిలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెట్టి, కాంతి దూరేంత పలుచగా చేస్తారు. దాని మీద గీతలు గీసి, రంగులు అద్ది, ఉలిని నిలువుగా నిలిపి సుత్తితో కొట్టి చిన్న చిన్న రంధ్రాలు తొలుస్తారు; సీత మెడలోని హారమూ, రావణుడి కిరీటమూ తెర మీద మెరిసేది ఆ రంధ్రాల గుండా వచ్చే వెలుగుతోనే. ఇక్కడ ఉలి తోలును అణచదు, ముక్కను పూర్తిగా తెంపి తీసేస్తుంది. అందువల్ల దాని అంచు ఏమాత్రం మొద్దుబారినా రంధ్రం చుట్టూ తోలు చిరుగుతుంది, ఆ చిరుగు దీపం వెలుగులో దాగదు.

ఇలాంటి ఉలి వారసత్వంగా వచ్చినప్పుడు చాలామంది మొదట చేసే పని దానిని తళతళలాడేలా తోమడం. అది తగదు. ఎర్రగా పొడిపొడిగా రాలే తుప్పు ఇనుమును తింటుంది కనుక దానిని నూనె గుడ్డతో, అవసరమైతే అతి సన్నని గరుకు కాగితంతో తీయాలి. ఏళ్ల తరబడి చేతి రాపిడికి నలుపెక్కి నునుపు తేలిన పొర మాత్రం ఇనుముకు కొంత రక్షణే, పైగా పూర్వీకులు ఉలిని ఎక్కడ పట్టుకున్నారో చెప్పే గుర్తు. సానపట్టడంలో మరింత నిదానం కావాలి. కరెంటు సానచక్రం మీద అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కులోని గట్టిదనం పోయినట్టే, తిరిగి కమ్మరి కొలిమిలో కాచి నీళ్లు పోస్తే గానీ అది రాదు. నీళ్లు చిలకరించిన సానరాయి మీద నెమ్మదిగా రుద్దడమే క్షేమం. దెబ్బలు తిని తిని ఉలి తల పువ్వులా విచ్చుకుంటే ఆ అంచులను ఆకురాయితో తీసేయాలి, లేకపోతే కొట్టేటప్పుడు ఇనుప పలుకు ఎగిరి కంట్లో పడే ప్రమాదముంది.

దాచే చోటు విషయంలో ఒక చిత్రమైన చిక్కుంది. తోలు పనిముట్టును తోలు సంచిలోనే పెట్టడం సహజమనిపించినా, పదును చేసిన తోలులోని ఆమ్లమూ తేమా ఇనుముకు తుప్పు పట్టిస్తాయి; అదే తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే దాని మీద నల్లని మరక పడుతుంది, అంటే రెండూ ఒకదానినొకటి చెరుచుకుంటాయి. వానాకాలంలో కుట్టుమిషను నూనె పలుచగా పూసి, పొడి నూలుగుడ్డలో చుట్టి, గాలి ఆడే చెక్కపెట్టెలో ఉంచడం మేలు. వంటనూనె కొన్నాళ్లకు జిగురై గట్టిపడుతుంది.

పెట్టెలో భద్రపరచడం కంటే పనిలో పెట్టడమే ఉలికి మంచి రక్షణ, ఎందుకంటే వారానికొకసారి చేతికి వచ్చేదాని మీద తుప్పు మొదలవగానే కంటబడుతుంది. అయితే పట్టిన ప్రతి సానతోనూ కొంత ఉక్కు అరుగుతుంది గనుక, పొట్టిదైపోకముందే ప్రతి ఉలి ముద్రనూ ఒక తోలుముక్క మీద కొట్టి, పక్కన ఆ రంధ్రానికి ఇంట్లో వాడే పేరునూ, అది ఏ ఆభరణానికి పనికొస్తుందో రాసి ఉంచాలి. ఉలి చేతితో పట్టుకోలేనంత అరిగిననాడు కమ్మరి కొత్తది చేయడానికి పాత ఉలినీ, ఆ తోలుముక్కనూ పక్కపక్కన పెట్టుకుని కొలుచుకోవచ్చు.