చక్రాలకు పౌడర్ కోటింగు: పొదుపు ఎక్కడ? ప్రమాదం ఎక్కడ?

కృష్ణాజిల్లా నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కార్లు, జీపుల చక్రాలను చూస్తే ఉప్పుగాలి చేసే చెరుపు తెలుస్తుంది. ఇంజను బాగానే ఉంటుంది. రిమ్ములు మాత్రం పొక్కులు లేచి, పెచ్చులూడి, తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు మీదనే బ్రష్షుతో రంగు పూస్తే అది ఒక వర్షాకాలం కూడా నిలవదు. ఇలాంటి రిమ్ములకు పౌడర్ కోటింగు మంచి మార్గం. పట్టణాలలో బీరువాలకు, గేట్లకు, కిటికీ గ్రిల్సుకు ఈ పూత వేసే చోటే చక్రాలకూ వేయించుకోవచ్చు.

పొడి ఎలా అంటుకుంటుంది?

ఇందులో థిన్నరు ఉండదు. రంగు మెత్తని పొడి రూపంలో ఉంటుంది. గన్నులోంచి వెలువడేటప్పుడు ఆ పొడికి విద్యుదావేశం ఎక్కుతుంది. రిమ్మును ఎర్తుకు కలిపి ఉంచుతారు గనుక పొడి వచ్చి దానికి అతుక్కుంటుంది. తరువాత ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పెడతారు. పొడి కరిగి, పరచుకుని, గట్టి పొరగా మారుతుంది. ఈ పొర మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే దాదాపు తలవెంట్రుక మందం.

పొడిలోనూ రకాలున్నాయి. ఎపాక్సీ రకం తుప్పును బాగా ఆపుతుంది గాని, ఎండకు వెలిసి సున్నంలా రాలుతుంది. ఆరుబయట తిరిగే చక్రాలకు పై పూతగా పాలియెస్టరు రకమే అడగాలి.

ఇంటి వద్దే సగం పని

ఖర్చులో పెద్ద వాటా రంగుది కాదు. విప్పడం, కడగడం, పాత రంగు గీకడం వంటి కూలిది. ఇందులో కొంత యజమానే చేసుకోవచ్చు. పంక్చర్ షాపులో టైర్లు విప్పించి, బ్యాలెన్సింగు సీసపు ముక్కలు తీయించి, ఖాళీ రిమ్ములు మాత్రమే తీసుకువెళ్లాలి. విప్పే ముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. టైరు ఉన్న రిమ్ముకు మంట చూపితే టైరు పేలి ప్రాణాలు పోతాయి.

గ్రీజును, మట్టిని డీజిలుతో కడిగి, ఆ డీజిలు జిడ్డు కూడా పోయేలా సబ్బునీళ్లతో కడగాలి. ఇనుప రిమ్ము అయితే పెచ్చులను వైరు బ్రష్షుతో రుద్దవచ్చు. అల్యూమినియం రిమ్ములకు కాస్టిక్ సోడా తగలనీయరాదు. అది లోహాన్నే తినేస్తుంది.

రంగులోనూ పొదుపు ఉంది. రంగు మార్చిన ప్రతిసారీ గన్ను, గది శుభ్రం చేయాలి. కాబట్టి నలుపో, బూడిదరంగో, ఆ రోజు అక్కడ ఏది నడుస్తుంటే దానికే ఒప్పుకోవడం మేలు. ఊళ్లో నలుగురు కలిసి చక్రాలన్నీ ఒకేసారి తీసుకువెళితే బేరమూ కుదురుతుంది, రవాణా ఖర్చూ కలిసివస్తుంది.

అయితే తుప్పు తీసే పనిలో మాత్రం పొదుపు చేయరాదు. తుప్పు మీద వేసిన పూత లోలోపల పొక్కి, చివరకు రేకులా ఊడుతుంది. ఇనుము తెల్లగా తేలేదాకా బ్లాస్టింగు చేయించాలి. ఇసుకకు బదులు ఇనుప గుళ్లు వాడే చోటు మేలు. పొడి ఇసుక దుమ్ము పీల్చే కూలీలకు సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

పలుచని రేకుతో కలిపి కాల్చరాదు

బీరువా రేకు త్వరగా వేడెక్కుతుంది, మందపు రిమ్ము ఆలస్యంగా వేడెక్కుతుంది. రెంటినీ కలిపి ఒకే సమయానికి దించితే రిమ్ము మీద పూత పచ్చిగా మిగిలిపోతుంది. థిన్నరులో తడిపిన గుడ్డతో రిమ్ము లోపలివైపు రుద్దినప్పుడు పూత మెత్తబడి గుడ్డకు బాగా అంటితే అది సరిగా కాలలేదని అర్థం. అలాగని అల్లాయ్ చక్రాలను ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా వాటి బలం తగ్గుతుంది.

బేరింగులు, ఆయిల్ సీళ్లు, రబ్బరు బుష్షులు విప్పకుండా ఏ భాగాన్నీ ఓవెన్‌లో పెట్టరాదు. షాక్ అబ్జార్బర్లను అసలే పెట్టరాదు. పెట్రోలు ఆవిరి మిగిలిన ట్యాంకు బాంబుతో సమానం. దమ్ము చక్రాలకు ఈ ఖర్చు దండగ. మట్టి రాపిడికి ఏ పూతా ఆగదు.

నట్ల కింద రంగు వద్దు

చక్రం హబ్బుకు ఆనుకునే చోట, నట్లు కూర్చునే గుంటల్లో పొడి పడకుండా వేడికి ఆగే టేపు వేయించాలి. అక్కడ పూత ఉంటే బండి నడిచేకొద్దీ అది నలిగి నట్లు వదులవుతాయి. చక్రాలు బిగించి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరొకసారి బిగించి చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పాత రంగు పోయాకే రిమ్ములోని పగుళ్లు, తుప్పు తిన్న గుంటలు బయటపడతాయి. పొడి వేయకముందే యజమాని దగ్గరుండి ప్రతి రిమ్మునూ తిప్పి చూడాలి. నట్ల రంధ్రాల చుట్టూ సన్నని గీత కనిపించినా ఆ రిమ్మును పక్కన పెట్టవలసిందే. పగులును రంగు కప్పగలదు గాని అతకలేదు. అలాంటి చక్రానికి పూత వేయించడం కంటే ఆ డబ్బుతో మంచి రిమ్ము కొనుక్కోవడమే అసలైన పొదుపు.