పాత మల్టీమీటరు కొనేముందు, మోటారు స్టార్టరు నొక్కేముందు

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఎరువులు, పురుగుమందుల ఖర్చు తగ్గించుకోవాలనే కదా మనం ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చింది. అలా మిగిల్చిన డబ్బులు పోయినేడాది ఒక్క పూటలో మోటారు తినేసింది. 5 హెచ్‌పీ మోటారు కాలిపోయి, రివైండింగుకి ఆరు వేల చిల్లర అయింది. వారం రోజులు కూరగాయల మడికి నీళ్లు లేవు.

ఏం జరిగిందంటే, స్టార్టరు నొక్కితే మోటారు గుర్రుమని మూలిగింది గాని నీళ్లు రాలేదు. టెస్టరు పెడితే మూడు ఫేజుల దగ్గరా వెలిగింది. "కరెంటు ఉంది, మళ్లీ నొక్కు" అన్నారు మా చిన్నాన్న. నొక్కాం. పొగ వచ్చింది. తీరా చూస్తే ఒక ఫేజు లేదు. పోయిన ఫేజు వైపుకి మోటారు చుట్టల గుండా కరెంటు వచ్చి టెస్టరు వెలిగింది. కరెంటు తగులుతోందనే టెస్టరు చెబుతుంది, ఎన్ని వోల్టులో చెప్పదు. ఆ చెప్పేదే మల్టీమీటరు.

అంగట్లో దొరికే మూడు నాలుగొందల మీటరు బ్యాటరీలు చూడ్డానికి సరిపోతుంది. మూడు ఫేజుల కరెంటు మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. మంచి కంపెనీది కొత్తది కొనాలంటే బరువు. అందుకే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి విశాఖ వెళ్లి, పాత సామాన్ల దుకాణంలో పసుపు రంగు ఫ్లూక్ 17బి ప్లస్ బేరమాడి తెచ్చాను. పాతది కొనేటప్పుడు ఏం చూడాలో వీడియోలో చూపించాను. ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. రంధ్రాల పక్కన క్యాట్ త్రీ 600 వోల్టులు అని ఉండాలి. మన స్టార్టరు బోర్డుకి ఆ రకం కావాలి.

2. సెల్స్ మూత తీయండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే వదిలేయండి.

3. బజరు గుర్తు మీద పెట్టి రెండు ప్రోబులు కలపండి. వెంటనే మోగాలి. వైరు అటూ ఇటూ వంచితే ఆగిపోతోందంటే వైర్లు మార్చాలి.

4. ఓమ్స్‌లో పెట్టి, వోల్టు రంధ్రంలో ఉన్న ఎర్ర వైరు మొనని 10 ఆంపియర్ల రంధ్రంలో ఆనించండి. దాదాపు సున్నా రావాలి. ఓఎల్ అని వస్తే ఫ్యూజు పోయినట్టే.

5. వెనక మూత విప్పనిస్తే ఫ్యూజులు చూడండి. పింగాణీవి ఉండాలి. వాటి బదులు గాజు ఫ్యూజో, రాగి తీగో పెట్టి ఉంటే ఎంత చవకైనా వద్దు. పొరపాటున షార్టయితే మీటరు మీ చేతిలోనే పేలుతుంది.

6. కొత్త సెల్ ఒకటి జేబులో తీసుకెళ్లండి. దుకాణంలో ఉన్న ఇంకో మీటరుతో, దీంతో కొలిచి పోల్చండి.

ఇక వాడకం. నల్ల వైరు కామ్‌లో, ఎర్ర వైరు వోల్టు రంధ్రంలో, గుండీ ఏసీ వోల్టుల మీద. ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజీ చూశారంటే అది నేరుగా షార్ట్ సర్క్యూటే. చేతులు తడి లేకుండా, పొడి చెక్క మీద నిలబడి, స్టార్టరు ఆఫ్‌లో ఉంచి, కరెంటు వచ్చే వైపున రెండేసి ఫేజుల మధ్య కొలవాలి. మూడు జతల్లోనూ 415 దగ్గర్లో రావాలి. రెండు జతలు బాగా తక్కువ చూపిస్తే ఒక ఫేజు లేనట్టే. జతల మధ్య తేడా 20 వోల్టులు దాటినా మోటారు వేయొద్దు. ఈ పని అలవాటు లేనివాళ్లు మొదట ఎలక్ట్రీషియన్ని పక్కన పెట్టుకుని నేర్చుకోండి.

జీవామృతం, కషాయాలు కొట్టే బ్యాటరీ స్ప్రేయరుకీ ఇది పనికొస్తుంది. 12 వోల్టుల లెడ్ బ్యాటరీ ఫుల్ చార్జి చేసి, రెండు గంటలు ఆగి డీసీ వోల్టుల్లో చూస్తే 12.6 పైన ఉండాలి. ఫుల్ చార్జి తర్వాత కూడా పంపు వేయగానే 10.5 కిందికి పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. మావాడొకడు పంపే పాడైందని కొత్త స్ప్రేయరు కొనబోయాడు. కొలిస్తే తప్పు బ్యాటరీది.

ఒక్క సంగతి మరవొద్దు. మోటారు చుట్టల నుంచి బాడీకి కరెంటు లీకవుతోందా అన్నది మల్టీమీటరుతో గట్టిగా తేలదు. దానికి మెగ్గర్ కావాలి. బాడీ షాకు కొడితే మెయిన్ ఆపేసి మెకానిక్‌ని పిలవండి.

ఇప్పుడు మా షెడ్డులో మీటరు స్టార్టరు పక్క మేకుకే వేలాడుతోంది. మొన్న నేను చూడకుండా నొక్కబోతే "ఆగరా, ముందు అది పెట్టి చూడు" అన్నారు చిన్నాన్న. చూస్తే ఒక జతలో 180. ఆ పూట మోటారు వేయలేదు.