బారా వఫాతా, మిలాదా?

రబీ ఉల్ అవ్వల్ నెల వచ్చిందంటే కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్ వీధుల్లో ఆకుపచ్చ జెండాలు ఎగురుతాయి. ఆ నెల 12వ తేదీ మహమ్మదు ప్రవక్త జన్మదినమని మిలాద్ జరుపుతారు. దక్కనులో దీనికి పాత పేరు ఇంకొకటి ఉంది: బారా వఫాత్. బారా అంటే పన్నెండు, వఫాత్ అంటే మరణం. ప్రవక్త కన్నుమూసిందీ ఆ తేదీనే అని పరంపరగా వస్తున్న మాట. మరి ఖీర్ వండుకోవాలా, కన్నీరు పెట్టుకోవాలా?

అసలు పండుగ చేయవచ్చునా అన్నదే పెద్ద తగవు. ప్రవక్త తన పుట్టినరోజును పండుగ చేయలేదు, సహచరులూ చేయలేదు. కనుక ఇది 'బిద్అత్', మతంలో లేని కొత్త పోకడ అంటారు దేవబంద్ దారివారు. బరేల్వీలు ఒప్పుకోరు. తాను పుట్టిన వారమని ప్రవక్త సోమవారం ఉపవాసం ఉండేవారని హదీసులో లేదా అని అడుగుతారు. ఉపవాసముండి తలచుకున్న రోజుకు విందులూ విద్యుద్దీపాలూ ఏమిటని అవతలివారి జవాబు. అదీ కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఈజిప్టు పండితుడు సుయూతీ (మరణం 1505) మాత్రం కొత్తదే గాని మంచిదే అని తేల్చాడు.

అన్న జులూసుకు బయల్దేరితే, తమ్ముడు నమాజు చేసుకొని దుకాణం తెరిచే ఇళ్ళుంటాయి. ఖీర్ ఎందరికి వండాలో తెలియనిది పాపం, తల్లికే!

2023లో మిలాద్, వినాయక నిమజ్జనం సెప్టెంబరు 28నే కలిసి వచ్చాయి. హైదరాబాదులో మిలాద్ జులూసును అక్టోబరు 1కి జరిపారు. నమాజు వేళనైతే అలా ఎవరూ జరపలేరు.