నింగిలోని గడియారం

రాజమహేంద్రవరాన్ని కొవ్వూరుతో కలిపే రోడ్డు రైలు వంతెన పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. సెకనులో పదిలక్షవ వంతును మైక్రోసెకను అంటారు. రేడియో తరంగం ఆ వంతెనంత దూరాన్ని సుమారు 14 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. దిక్సూచక ఉపగ్రహాల పని అంతా ఈ లెక్క మీదనే ఆధారపడి ఉంది. సంకేతం బయలుదేరిన వేళకూ, మనను చేరిన వేళకూ గల వ్యత్యాసాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మన స్థానం తేలుతుంది. ఉపగ్రహంలోని గడియారం ఆ స్వల్పకాలం తప్పినా చాలు, దూరం వంతెనంత తప్పుతుంది. అంతర్వేది రేవు విడిచి నడిసంద్రానికి పోయిన మరపడవకు అది ప్రాణాపాయమే కావచ్చు.

భారతదేశం ఈ శ్రేణిలో తొలి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుండి ప్రయోగించింది. 2016 ఏప్రిల్ 28న ఏడవది కక్ష్యను చేరగా, ఈ వ్యవస్థకు ‘నావిక్’ అని నామకరణం జరిగింది. అయితే తొలి ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ విఫలమయ్యాయి. అవి ఐరోపా నుండి కొనుగోలు చేసినవి. ఐరోపావారి గెలీలియో ఉపగ్రహాలలోనూ కొన్ని గడియారాలు మొరాయించాయి. బాగుచేయించడానికి ఆకాశానికి పోలేము గదా! అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం స్వదేశీ అణుగడియారాన్ని రూపొందించింది. 2023 మే 29న ప్రయోగించిన కొత్తతరం ఉపగ్రహం ఎన్.వి.ఎస్.-01లో దానిని అమర్చారు. శ్రీహరికోట నుండి నూరవ ప్రయోగంగా 2025 జనవరి 29న వెళ్ళిన ఎన్.వి.ఎస్.-02 మాత్రం, కవాటం తెరుచుకోకపోవడం చేత, నిర్ణీత కక్ష్యను చేరలేకపోయింది.