వార్తల్లో పదం: ఎయిర్ ఎంబాలిజం

సెలైన్ గొట్టంలో చిన్న బుడగ కనబడితే చాలు, రోగి పక్కనున్నవాళ్ల గుండె ఝల్లుమంటుంది. నిజానికి చేతి నరంలోకి వెళ్లే ఒకటి రెండు చిన్న బుడగలను ఊపిరితిత్తులు వడకట్టేస్తాయి. ఎక్కువ గాలి ఒక్కసారిగా రక్తంలో చేరితేనే ముప్పు. అది గుండె కుడివైపు నురగలా నిలిచి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లకుండా అడ్డుపడుతుంది. ఇదే ఎయిర్ ఎంబాలిజం. పుట్టాక మూసుకుపోవాల్సిన గుండె రంధ్రం సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. అలాంటివారిలో గాలి మెదడుకు చేరి పక్షవాతమూ రావచ్చు.

అసలు జాగ్రత్తంతా మెడ దగ్గర పెద్ద సిరలో పెట్టే సెంట్రల్ లైన్ దగ్గరే కావాలి. రోగి కూర్చుని ఉండగా దాన్ని తీస్తే, ఊపిరి పీల్చిన క్షణంలోనే బయటి గాలి సిరలోకి దూరిపోతుంది. అందుకే వెల్లకిలా, వీలైతే తల కాస్త కిందికి ఉండేలా పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టమని చెప్పి తీస్తారు. వెంటనే అదిమిపట్టి, గాలి చొరని పట్టీ వేస్తారు. డయాలసిస్ యంత్రానికైతే సెన్సర్ ఉంటుంది. బుడగను పసిగట్టగానే అలారం మోగుతుంది, పంపు ఆగుతుంది, క్లాంపు గొట్టాన్ని నొక్కేస్తుంది.

ఆసుపత్రిలోనే తలెత్తిన ఎయిర్ ఎంబాలిజానికి అదనపు సొమ్ము చెల్లించడాన్ని అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2008 అక్టోబరు నుంచి ఆపేసింది. నివారించగలిగిన పొరపాటు భారం ప్రజాధనంపై పడకూడదన్న ఆ నిర్ణయం సరైనదే.

సెంట్రల్ లైన్ తీశాక నర్సు చెప్పేదాకా రోగిని లేవనివ్వకండి. ఆయాసం, ఛాతీనొప్పి, తికమక కనిపిస్తే క్షణం ఆగకుండా పిలవండి.