పాత స్ప్రేయర్ అమ్మితే.. డబ్బులు వెనక్కి ఇమ్మంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

మిర్చి కోతలయ్యాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాత స్ప్రేయర్లు, టార్పాలిన్లు ఫోన్‌లోనే అమ్మేవాళ్లున్నారు. ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఫొటో పెడితే బేరం కుదిరిపోతుంది. అసలు తంటా తర్వాతే. వారం వాడుకుని ‘ఇంజిన్ పట్టేసింది, డబ్బులు తిరిగివ్వు, లేదంటే కేసు పెడతా’ అంటే ఏం చేయాలి?

కంగారుపడి డబ్బులు వేసేయకండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, చూసి కొనుక్కున్న వస్తువు బాగోగులు మామూలుగా కొన్నవారి పూచీయే. అయితే లోపం దాచి అబద్ధం చెప్పినా, ప్రకటనలో రాసినదానికీ వస్తువుకీ తేడా ఉన్నా ఆ రక్షణ ఉండదు. అందుకే ‘కార్బొరేటర్ ఒకసారి రిపేరైంది’ అని చాట్‌లో ముందే రాసెయ్యండి. ఇచ్చేటప్పుడు స్టార్ట్ చేసి, సీరియల్ నంబర్ కనపడేలా వీడియో తీసుకోండి. అమ్మేశాం కదా అని చాట్ డిలీట్ చేస్తే చేతిలో ఏమీ మిగలదు.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని బెదిరిస్తారు. ఇంట్లో వస్తువు ఒక్కసారి అమ్మినవారు మామూలుగా వ్యాపారి లెక్కలోకి రారు. కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే అది వేరే సంగతి.

అన్నట్టు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ కూడా 1930నే. అవతలివాళ్లు అక్కడ ఫిర్యాదు చేస్తే, మీ ఖాతాలో ఆ సొమ్మును బ్యాంకు నిలిపేయొచ్చు. వెంటనే బ్రాంచికెళ్లి ఫిర్యాదు నంబర్, ఏ పోలీస్ స్టేషనో కనుక్కుని మీ ఆధారాలు అక్కడ ఇవ్వండి.

రాజీకొస్తే వస్తువు ముందు చేతికి రావాలి. సీరియల్ నంబర్ సరిచూసుకుని, డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో దానికే వేయండి. వేరే నంబర్‌కి పంపమంటే ఒప్పుకోవద్దు.