కూపన్ కత్తిరిస్తే రోబో వచ్చేది

1986లో అమెరికాలో ఒక బొమ్మ ఉండేది. దాన్ని ఏ అంగట్లోనూ అమ్మలేదు. కావాలంటే వేరే బొమ్మల డబ్బాల వెనక అచ్చేసిన చిన్న గుర్తులను కత్తెరతో కత్తిరించి, ఆర్డరు ఫారం నింపి, పైన కొంత డబ్బు జతచేసి పోస్టులో పంపాలి. వారాల తరబడి ఎదురుచూశాక పార్సిల్ ఇంటికొచ్చేది. పేరు రిఫ్లెక్టర్. స్పెక్ట్రో, స్పైగ్లాస్, వ్యూఫైండర్ అనే మూడు బుల్లి రోబోలు ఒకదానికొకటి తగులుకుంటే ఒక కెమెరా తయారవుతుంది. ఈ రోబో 1984 నుంచే టీవీ కార్టూన్‌లో దుష్టకూటమి తరఫున తిరుగుతోంది. పిల్లలు దాన్ని రెండేళ్ల పాటు తెర మీద చూడడమే తప్ప అంగట్లో కళ్లజూసింది లేదు.

ఇలా రూపం మార్చే రోబో బొమ్మల పేరు ట్రాన్స్‌ఫార్మర్లు. ఇప్పుడైతే జమ్మలమడుగు, పులివెందుల తిరునాళ్లలో కూడా, కారును మడిస్తే మనిషయ్యే బొమ్మ పేరు లేని ప్లాస్టిక్ కవర్లో వేలాడుతుంటుంది. దాన్ని కొనిపించుకునే పిల్లకాయలకు దాని వంశం ఎక్కడిదో అక్కర్లేదు. అక్కరున్న పెద్దల కోసం ఈ కథ.

పుట్టిల్లు జపాన్. తకారా అనే కంపెనీ 1980లో డయాక్లోన్ అనే వరస మొదలుపెట్టింది. ఇందులో కార్లు, లారీలు రోబోలవుతాయి. వాటిని నడిపేందుకు కాళ్లలో అయస్కాంతాలున్న వేలెడు పైలట్లు ఉంటారు. 1983లో అదే కంపెనీ మైక్రో ఛేంజ్ అనే ఇంకో వరస తెచ్చింది. ఇక్కడ ఇంట్లో దొరికే వస్తువులే రోబోలు: క్యాసెట్ ప్లేయరు, పిస్తోలు, కెమెరా. రెండు వరసలకూ కథలో పొంతన లేదు, కొలతలోనూ లేదు. ఒక దాంట్లో లారీ చిన్నదైపోయింది, రెండో దాంట్లో పిస్తోలు ఉన్నంత సైజులోనే ఉంది.

ఈ రెంటి హక్కులనూ కలిపి కొనేసింది అమెరికా కంపెనీ హాస్‌బ్రో. కొనమని నచ్చజెప్పినవాడు హెన్రీ ఓరెన్‌స్టీన్. పోలండులో పుట్టి, నాజీల నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి, అమెరికాలో బొమ్మల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. (పేకాటలో ఆటగాడి చేతిలోని ముక్కలు టీవీ ప్రేక్షకులకు కనిపించేలా బల్లకింద కెమెరా పెట్టే ఏర్పాటుకు పేటెంటు పొందినవాడూ ఈయనే. దాగినదాన్ని బయటపెట్టే యుక్తులు తెలిసిన మనిషికి మడతపెట్టే బొమ్మల మీద కన్నుపడటంలో వింతేమీ లేదు.)

హాస్‌బ్రో చేతికి వచ్చింది నోరులేని ప్లాస్టిక్. దానికి కథ రాయమని మార్వెల్ కామిక్స్‌కు అప్పజెప్పారు. జిమ్ షూటర్ కథాసారం కట్టాడు. డెన్నిస్ ఓనీల్ రోబోగా మారే ఎర్రలారీకి ఆప్టిమస్ ప్రైమ్ అని పేరు పెట్టాడు. మిగతా పేర్లు, ఒక్కొక్క రోబో గుణగణాలు చాలావరకు బాబ్ బుడియాన్‌స్కీ రాశాడు. జపాన్ కథలో ఇవి పైలటు నడిపే యంత్రాలు, ఇక్కడ ప్రాణమున్న జీవులు. అయినా అచ్చులు పాతవే కాబట్టి డైనోసార్లుగా మారే డైనోబాట్ల వంటి వాటిలో పైలటు కూర్చునే చోటు అట్లే మిగిలిపోయింది. నడిపేవాడు లేడు, సీటు మాత్రం ఉంది.

పోస్టు బొమ్మల గుట్టు కూడా ఆ పాత అచ్చుల్లోనే ఉంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌ను 200 డిగ్రీలు దాటించి కరిగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి దూర్చి, చల్లార్చి, బయటికి తీస్తారు. ఇందులో ఖరీదైనది ప్లాస్టిక్ కాదు. ఆ అచ్చును చెక్కడం, కీలు బిగువుగా కూర్చునేలా కొలతలు సరిదిద్దడం. నగ అచ్చుకు ఒకసారి డబ్బు పెట్టాక దాంట్లో ఎన్ని బిళ్లలు ఒత్తితే అంత కిట్టుబాటని ప్రొద్దుటూరు బంగారు పనివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హాస్‌బ్రో లెక్కా అదే. అంగడి అలమరాలో చోటు దొరకని అచ్చు ఉందా, దాన్ని పోస్టుకు తిప్పు. 1985లో ఓమ్నిబాట్లు, పవర్‌డాషర్లు అనే బొమ్మలు ఇట్లాగే డయాక్లోన్ మిగులు నుంచి తపాలా దారి పట్టాయి. ఆ మరుసటి ఏడు రిఫ్లెక్టర్ వంతు.

కొనే పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఇది మరో రకం యంత్రం. గుర్తుల పేరు రోబో పాయింట్లు. ఒక్క డబ్బాలో ఉన్నవి చాలవు, కాబట్టి ఇంకోటి కొనాలి. పంపుదామనుకుని కత్తిరించి దాచి, మరిచిపోయేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లు కొన్న బొమ్మల లాభం కంపెనీకి ముట్టింది, బహుమతి మాత్రం ఇవ్వక్కర్లేదు. ఈ ఏర్పాటు తెలివైనదే, కానీ పిల్లల మతిమరుపును రాబడి కింద రాసుకోవడం నాకు మింగుడుపడదు.

డబ్బా వెనక అంతకంటే ముచ్చటైనది ఒకటుండేది. రోబో బలం, వేగం, తెలివి వంటివి చూపే పట్టిక ఎర్రటి చిక్కుగీతల మధ్య దాగి ఉంటుంది. లోపలిచ్చిన ఎర్రటి పారదర్శకపు ముక్క దాని మీద పెడితే చదవొచ్చు. ఎర్ర పొర ఎర్ర కాంతిని మాత్రమే వదులుతుంది. తెల్ల కాగితం అన్ని రంగులనూ తిప్పికొడుతుంది కాబట్టి దాన్నుంచి వచ్చే ఎరుపు పొరను దాటుతుంది, ఎర్ర గీత నుంచి వచ్చేదీ దాటుతుంది. రెండూ ఒకటే అయిపోయి గీతలు మాయమవుతాయి. ఎరుపును మింగేసే నీలపు సిరా మాత్రం నల్లగా మిగులుతుంది. 1985లో దీనికి తోడు వేలితో రుద్దితే వేడికి రంగు మారి, ఆ రోబో మంచివాడో చెడ్డవాడో చూపే నల్ల స్టిక్కరు వచ్చింది. ఒకప్పుడు భౌతికశాస్త్ర పాఠాలను బొమ్మల కంపెనీలే ఉచితంగా చెప్పేవి.

ఇంత సరుకు కదలాలంటే టీవీ కావాలి. 1984లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ టీవీలో ప్రకటనల నిడివి పరిమితులు ఎత్తేసింది. అదే ఏడు సెప్టెంబర్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ మొదలైంది. మొత్తం ధారావాహికే ఒక ప్రకటన. 1990లో పిల్లల టీవీ మీద చట్టం వచ్చేదాకా ఈ జాతర సాగింది.

రిఫ్లెక్టర్ పోస్టులో తిరిగిన 1986లోనే, ఆగస్టు 8న, ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా విడుదలైంది. దర్శకుడు కొరియన్ నెల్సన్ షిన్. గ్రహాలను మింగే యూనిక్రాన్‌కు గొంతిచ్చినవాడు ఆర్సన్ వెల్స్. ఆ పని ముగించిన కొద్దిరోజులకే, 1985 అక్టోబరులో ఆయన చనిపోయాడు. సినిమా మొదట్లోనే మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ కూడా చనిపోతాడు. కారణం కథలో లేదు, అంగట్లో ఉంది. కొత్త బొమ్మలు రావాలంటే పాతవి దిగిపోవాలి. ప్రైమ్ చోటుకు మొదట వచ్చినవాడు అల్ట్రా మాగ్నస్. ఆ బొమ్మ కూడా డయాక్లోన్ నుంచి వచ్చిందే. పైకవచాలు ఊడదీస్తే లోపల తెల్లరంగు వేసిన ప్రైమ్ రూపమే కనిపిస్తుంది. పడిపోయిన నాయకుడి ఆకారంలోంచే వారసుడిని పోతపోశారు. సుమారు 60 లక్షల డాలర్లు పెట్టిన ఆ సినిమా అమెరికాలో పెట్టుబడి కూడా రాబట్టుకోలేకపోయింది.

కానీ థియేటర్లలో పిల్లలు ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు, ఉత్తరాలు రాశారు. కూపన్లను మోసుకెళ్లిన తపాలా బండ్లే ఈసారి తిట్లను మోశాయి. 1987 ఫిబ్రవరిలో రెండు భాగాల కార్టూన్‌తో ప్రైమ్‌ను మళ్లీ బతికించారు. అప్పటికే హాస్‌బ్రో తన మరో బొమ్మల వరస జి.ఐ. జో సినిమాలో డ్యూక్ అనే సైనికుడిని చంపే ఏర్పాటులో ఉంది. ఛాతీలో దెబ్బ తగిలి పడిపోయే దృశ్యం తయారైంది కూడా. దాన్ని తీసేయలేదు. కానీ పిల్లల కోపం చూసి, డ్యూక్ పోలేదు, కోమాలో ఉన్నాడని ఒక మాట అతికించారు.